బూజు పట్టిన క్యాసెట్ నుంచి ‘బ్లో బై బ్లో’ మళ్లీ వినిపించేదాకా: నా అనుభవం

2025 జనవరి 22న లండన్‌లో క్రిస్టీస్ సంస్థ బ్రిటిష్ రాక్ గిటారిస్టు జెఫ్ బెక్ గిటార్లను వేలం వేసింది. వాటిలో ముదురు రక్తవర్ణంలో ఉండే 1954 నాటి గిబ్సన్ లెస్ పాల్ ఒక్కటే పది లక్షల పౌండ్లకు పైగా పలికిందని మర్నాడు వార్తల్లో చదివాను. బెక్ ఆల్బం ‘బ్లో బై బ్లో’ ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) అట్ట మీద ఆయన చేతిలో కనిపించేది ఆ గిటారే. ధర సంగతి పక్కన పెడితే, ఆ బొమ్మ చూడగానే నా దగ్గర ఆ రికార్డింగు ఉందని గుర్తుకొచ్చింది. 1983లో వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో నా రూమ్మేట్ ఎల్పీ నుంచి ఒక తొంభై నిమిషాల క్యాసెట్ మీదికి ఎక్కించుకున్నాను. ఆ క్యాసెట్‌ను వెతికి, బాగుచేయించి, మళ్లీ వినడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఇలాంటి క్యాసెట్ల పెట్టెలు మన ఇళ్లలో ఇంకా చాలానే ఉన్నాయి. వాటిని పాత సామాన్ల వాళ్లకు వేసేయాలా, బాగుచేయించుకోవాలా అని ఆలోచిస్తున్న వాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ సాయంత్రమే ఫోనులో ఆ ఆల్బం మొత్తం విన్నాను. శబ్దం స్వచ్ఛంగా, ప్రతి వాద్యం విడివిడిగా వినిపించింది. అయినా వింటున్నంతసేపూ ఏదో లోటుగానే అనిపించింది. ‘థెలోనియస్’ వస్తున్నప్పుడు ఆ లోటేమిటో తెలిసింది. మా రూమ్మేట్ ఎల్పీ మీద అక్కడొక గీత ఉండేది. డిస్కు ఒక చుట్టు తిరగడానికి పట్టే 1.8 సెకన్లకొకసారి చిన్నగా టక్కుమనేది. ఆ చప్పుడు నా చెవిలో ఆ పాటతో పాటే ఉండిపోయింది, అది లేకుండా ఆ పాట నాకు కొత్తగా తోచింది. వాళ్లన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన ఆ ఎల్పీని మేం ఎంత భద్రంగా పట్టుకునేవాళ్లమో, అరువు తెచ్చిన క్యాసెట్ డెక్కు ముందు ఎలా కూర్చున్నామో అన్నీ ఒక్కసారిగా కదిలాయి. నాకు కావలసింది ఆ ప్రతి అని అప్పుడు నిశ్చయమైంది.

ఫిబ్రవరి రెండో వారంలో కాకినాడ వెళ్లాను. మా అమ్మను అడిగితే, “అటక మీద ట్రంకు పెట్టెలో ఉండాలిరా, మీ నాన్నగారి రేడియో సామానుతో పాటు కట్టి పెట్టాను” అంది. పెట్టె దొరికింది. అందులో ముప్ఫై దాకా క్యాసెట్లున్నాయి. నాదానికి వెతుక్కోవలసిన పని లేకపోయింది, ఎందుకంటే లోపలి కార్డు మీద రూమ్మేట్ ముత్యాల్లాంటి అక్షరాలతో తొమ్మిది పాటల పేర్లూ రాసి ఇచ్చాడు. చెదలు కార్డు అంచును తిన్నా పేర్లు మాత్రం మిగిలాయి. రెండో వైపు మా నాన్నగారు రేడియో నుంచి రికార్డు చేసుకున్న వీణ కచేరీ ఉంది.

క్యాసెట్‌ను వెలుతురులో పెట్టి చూస్తే ఉసూరుమనిపించింది. మధ్యనున్న పారదర్శకమైన కిటికీలోంచి టేపు చుట్ట అంచు మీద తెల్లటి వలయాలు కనిపించాయి, అక్కడక్కడా పొడిలా రాలుతున్నాయి కూడా. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో నలభై ఏళ్లు అటక మీద ఉన్న టేపుకు ఫంగస్ పట్టడంలో వింత లేదు. నోటి దగ్గర టేపును హెడ్‌కు, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, అదిమి పట్టే ఫెల్టు ముక్క, మేమందరం స్పాంజి అనేది, జిగురు ఎండిపోయి ఊడి లోపల దొర్లుతోంది. దీన్ని యథాతథంగా ఏ టేప్‌రికార్డర్‌లోనూ పెట్టకూడదు. ఫంగస్ పట్టిన టేపు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, వేగంగా చుడితే చిరగవచ్చు, లేదా గోధుమరంగు అయస్కాంతపు పూత ఊడి రావచ్చు. పైగా ఆ బూజు హెడ్‌కూ రోలర్‌కూ అంటి, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది.

హైదరాబాద్ తిరిగొచ్చాక, క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చి ఇచ్చే వాళ్లను ఫోనులో వాకబు చేశాను. క్యాసెట్‌కు నాలుగైదు వందలు తీసుకుంటామన్నారు, ఫంగస్ మాట ఎత్తగానే వద్దన్నారు. ఒకరు మాత్రం తీసుకురమ్మని, పది రోజులు తమ దగ్గరే ఉంచుకుని, పెట్టె మూత కూడా తెరవకుండా తిప్పి పంపారు. ఆ పది రోజులూ నాకు మనసు మనసులో లేదు. మళ్లీ సంపాదించుకునే వీలులేని వస్తువును పరాయి చోట వదిలి రావడం ఎంత భారమో అప్పుడే అనుభవంలోకి వచ్చింది. నా సలహా ఏమిటంటే, వస్తువు అప్పగించే ముందే ఫంగస్ టేపులకు వాళ్ల దగ్గర విడిగా ఒక యంత్రం ఉందా అని అడగండి. లేదంటే అక్కడ పని జరగదు.

ఇక సొంతంగా చేయించుకోవడమే మార్గమనుకున్నాను. 1990ల నాటి జపాన్ డెక్కు ఒకటి మా ఇంట్లో ఉంది. ప్లగ్గు పెడితే దీపాలు వెలిగాయి, ప్లే నొక్కితే మోటారు తిరిగే శబ్దం వచ్చింది, కానీ చక్రాలు కదలలేదు. పాతికేళ్లు దాటిన చాలా డెక్కులకు వచ్చే జబ్బే ఇది. లోపలి రబ్బరు బెల్టులు కొన్నిటిలో సాగిపోతాయి, కొన్నిటిలో కరిగి తారులా కప్పీలకు అంటుకుపోతాయి. మార్చి మొదటి వారంలో దాన్ని కోఠీ గుజరాతీ గల్లీకి తీసుకెళ్లాను. దుకాణాల్లో అడుగుతూ పోతే, మేడ మీద ఒక చిన్న గదిలో పాత టేప్‌రికార్డర్లు ఇంకా బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పంపించారు.

ఆయన డెక్కు కంటే ముందు క్యాసెట్ చేతిలోకి తీసుకుని, కిటికీ దగ్గర తిప్పి చూసి, “దీన్ని ఎక్కడా పెట్టి వాయించలేదు కదా సార్?” అని అడిగారు. లేదన్నాను. “అయితే బతుకుతుంది” అన్నారు. ఆ ఒక్కమాటతో నాకు ప్రాణం లేచివచ్చింది. టేపు శుభ్రం చేసే పని మాత్రం తనకు పెట్టొద్దన్నారు. అది చాలా ఓపిక కావలసిన పని, ఇంట్లో మీరే చేసుకోండి అని పద్ధతి చెప్పి, ఖాళీ షెల్ (క్యాసెట్ బయటి ప్లాస్టిక్ డొల్ల) ఒకటి, టేపు అతికించడానికి వాడే ప్రత్యేకమైన పలుచటి తెల్ల టేపు ముక్క ఒకటి ఇచ్చారు. మామూలు సెలోటేపు వాడకూడదట. దాని జిగురు కొంతకాలానికి పక్కకు కారి పై పొరకు అంటుకుంటుంది. డెక్కు రెండు వారాల్లో ఇస్తానన్నారు, కానీ అది రంజాన్ మాసం, పైగా కావలసిన కొలతలో బెల్టు ముంబై నుంచి రావాలి. పండుగ అయ్యాకే వస్తుందని నాకు అక్కడే అర్థమైంది.

ఆ వ్యవధి టేపు శుభ్రం చేయడానికి సరిపోయింది. మొదట క్యాసెట్‌ను సిలికా జెల్ పొట్లాలతో ఒక గాలి చొరని డబ్బాలో వారం రోజులుంచాను. ఎండలో పెట్టకూడదు, వేడికి ప్లాస్టిక్కూ టేపూ వంకరపోతాయి. తర్వాత షెల్‌కున్న ఐదు మరలూ విప్పాను. మరల బదులు కరిగించి అతికించిన షెల్ అయితే అంచు వెంట జాగ్రత్తగా పగలగొట్టాల్సి వచ్చేది, ఆ విషయంలో అదృష్టవంతుణ్ణి. రెండు చుట్టలనూ కొత్త షెల్‌లోకి మార్చి, టేపును దాని నోటి దగ్గర నుంచి కొద్దిగా బయటికి లాగి, పొడి మైక్రోఫైబర్ గుడ్డ మడత మధ్య నుంచి పోనిస్తూ, పెన్సిల్‌తో చేత్తోనే చుట్టాను. ఒక వైపు 45 నిమిషాలు నడిచే టేపు అంటే దాదాపు 130 మీటర్లు. మూతికి మాస్కు తప్పనిసరి. గుడ్డ మీద బూడిదరంగు చార పడగానే మడత మార్చాలి. పొరలు అతుక్కున్న చోట చిన్నగా చిటపటమన్న శబ్దం వేళ్లకు తెలిసేది, అక్కడ ఆగి, రవ్వంత వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు పోవాలి. టేపును ఆల్కహాల్‌తో తుడవలేదు. అది హెడ్‌కూ ఇనుప భాగాలకూ మాత్రమే. రోజుకు ఒక గంటకు మించితే మెడ పట్టేసేది కాబట్టి, కొద్ది కొద్దిగా చేసుకుంటూ వచ్చాను. చివర టేపు చుట్ట నుంచి ఊడిపోయిన పారదర్శకపు తోకను ఆ తెల్ల టేపుతో అతికించి, ఉగాది ముందు రోజుకు పని పూర్తి చేశాను. ఆ ఏడు ఉగాది మార్చి 30 ఆదివారం, మర్నాడే రంజాన్ పండుగ.

డెక్కు ఏప్రిల్ మొదటి వారం చివర చేతికొచ్చింది. బెల్టులు మార్చి, టేపును నడిపించే పించ్ రోలర్ గట్టిపడితే దాన్ని సానబట్టి, హెడ్‌కు పట్టిన అయస్కాంతత్వం పోగొట్టి, 3,000 హెర్ట్జ్ టెస్ట్ టేపుతో వేగం సరిచేశారు. హెడ్ అలైన్‌మెంట్, అంటే హెడ్ వాలు సరిచేయడం మాత్రం నా ఎదుటే చేశారు, ఎందుకంటే అది డెక్కుకు సరిపోవడం కాదు, ఆ టేపును 1983లో రికార్డు చేసిన హెడ్ ఏ వాలులో ఉందో దానికి సరిపోవాలి. క్యాసెట్ పెట్టి ప్లే నొక్కారు. మొదట గుంయిమన్న హోరు, ఆ తర్వాత చాలా సన్నగా, గోడ అవతలి నుంచి వస్తున్నట్టు గిటార్ వరుస ఒకటి లీలగా వినిపించింది. ఒక చుట్టు పొర మీది గట్టి శబ్దం ఏళ్ల తరబడి పక్క పొర మీద ముద్రపడడం వల్ల అలా పాటకు ముందే దాని నీడ వినబడుతుందని ఆయన చెప్పారు. ఆ నీడ వెనకే సూది ఎల్పీ మీద దిగిన చప్పుడు, వెంటనే ఆల్బంలో మొదటి పాట ‘యూ నో వాట్ ఐ మీన్’ అసలు శబ్దం. ఆయన చిన్న స్క్రూడ్రైవర్‌తో హెడ్ పక్క మరను వెంట్రుకవాసి తిప్పుతుంటే, మసకగా ఉన్న తాళాల మోత క్రమంగా తేటపడి, ఒకచోట ఉన్నట్టుండి రిచర్డ్ బెయిలీ డ్రమ్ములు గదిలోకి వచ్చేశాయి. నా కళ్లు చెమర్చాయి. పెద్దాయన ఏమీ అనకుండా ఆ పాట పూర్తయ్యేదాకా ఆపకుండా ఉంచారు.

ఇంటికి వచ్చాక స్థిమితంగా కూర్చుని విన్నప్పుడు, ఇరవై ఏళ్ల వయసులో నాకు వినపడనివి ఎన్నో ఉన్నాయని తెలిసింది. అప్పట్లో మేం గిటార్ వేగం కోసమే చెవులు రిక్కించేవాళ్లం. తొమ్మిదేసి లెక్కన గిరగిరా తిరిగే ‘స్కాటర్‌బ్రెయిన్’ రాగానే వేళ్లతో మంచం కోళ్ల మీద తాళం వేసేవాళ్లం. ఇప్పుడు నా చెవి మాక్స్ మిడిల్టన్ కీబోర్డు దగ్గర ఆగింది. బెక్ ఒక వాక్యం పలికి వదిలిన చోట మిడిల్టన్ ఎలక్ట్రిక్ పియానో నెమ్మదిగా ఖాళీని నింపుతుంది, ఫిల్ చెన్ బేస్ కింద నుంచి ఇద్దరినీ మోస్తుంది. ‘షీజ్ ఎ ఉమన్’ బీటిల్స్ పాట. ఆ బీటిల్స్ రికార్డులు తయారుచేసిన జార్జ్ మార్టిన్ ఈ ఆల్బంకూ నిర్మాత. గిటార్ శబ్దాన్ని గొట్టం గుండా నోట్లోకి పంపే టాక్‌బాక్స్‌తో బెక్ గిటార్ చేత ఆ పాటను సగం మాటల్లా పలికించినప్పుడు, హాస్టల్లో అందరం అదేదో యంత్రం అనుకున్నాం.

‘కాజ్ వియ్ హ్యావ్ ఎండెడ్ యాజ్ లవర్స్’ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది స్టీవీ వండర్ పాట. ఎల్పీ అట్ట మీద బెక్ దాన్ని రాయ్ బుకానన్ అనే గిటారిస్టుకు అంకితమిచ్చి, స్టీవీకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. మొదటి స్వరం తీగను మీటిన శబ్దం లేకుండా, శూన్యంలోంచి ఉబికి వస్తుంది. గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ను మూసి ఉంచి, మీటిన తర్వాత తిప్పి తెరవడం వల్ల అలా వస్తుంది. నలభై రెండేళ్ల టేపు మీద ఆ నిశ్శబ్దం హోరుతో నిండి ఉంది, ఆ హోరులోంచే స్వరం పైకి తేలింది. తర్వాత బెక్ తీగను లాగి ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారే తీరు వింటుంటే, అదే టేపు రెండో వైపు ఉన్న వీణ గుర్తుకొచ్చింది. గమకం కోసం తీగను పక్కకు లాగి, గొంతు పలికినట్టు పలికించడం మనకు కొత్త కాదు. హాస్టల్లో నాకు ఈ పాట ఎందుకు అంత దగ్గరగా అనిపించిందో, మా నాన్నగారు రాక్ సంగీతం అంటే పెదవి విరిచినా ఇది వస్తున్నప్పుడు మాత్రం పేపరు పక్కన పెట్టి ఎందుకు వినేవారో, ఇప్పుడు నాకు అర్థమైందనిపిస్తోంది.

చివరిది ‘డైమండ్ డస్ట్’. ఎనిమిది నిమిషాలు దాటే ఆ పాటలో జార్జ్ మార్టిన్ తీగవాద్యాలు గిటార్ వెనక పరుచుకుంటాయి. నా క్యాసెట్‌లో అది పూర్తిగా లేదు. చివరి నిమిషం రాకముందే టేపు అయిపోయి ఠక్కున ఆగిపోతుంది. ఆల్బం నిడివి సుమారు 45 నిమిషాలు, టేపు ఒక వైపు కూడా అంతే. ఎల్పీని రెండో వైపుకు తిప్పడానికి పట్టిన సమయం వల్ల చాలలేదని అప్పట్లో అందరం అనుకున్నాం. ఇప్పుడు వేగం కొలిచి సరిచేసిన డెక్కు మీద ‘ఫ్రీవే జామ్’ను గడియారం పెట్టి చూస్తే, ఐదు నిమిషాల పాట అసలు నిడివి కంటే ఏడు సెకన్లు ఎక్కువ తీసుకుంది. శ్రుతి కూడా ఒక స్వరస్థానంలో సగానికి తక్కువగా దిగి ఉంది. అంటే 1983లో మేం అరువు తెచ్చుకున్న డెక్కు రెండు శాతానికి పైగా వేగంగా నడుస్తోందన్నమాట. ఆ వేగానికి 45 నిమిషాల టేపు 44 నిమిషాలకే ఖర్చయిపోయింది. దానికి ఎల్పీ తిప్పిన వ్యవధి తోడై ముగింపు పోయింది. ఇన్నేళ్లుగా ఆ పాట అక్కడే ఆగుతుందన్నట్టు నా మనసు అలవాటు పడింది. మిగిలిన నిమిషాన్ని ఫోనులో పెట్టుకుని, తీగవాద్యాలు మెల్లగా తగ్గి ముగిసేదాకా కళ్లు మూసుకుని విన్నాను. చాలా తృప్తిగా అనిపించింది.

డిజిటల్‌లోకి ఎక్కించడం ఏప్రిల్ మూడో వారంలో ముగించాను. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలోకి నేరుగా ఇవ్వకూడదు. చాలా వాటిలో అది మోనో మాత్రమే, పైగా డెక్కు నుంచి వచ్చే స్థాయికి శబ్దం పగిలిపోతుంది. చిన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఒకటి కొని, డెక్కు లైన్ అవుట్ నుంచి దానికి తీగ కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వద్ద రికార్డు చేశాను. అత్యధిక శబ్దం మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టుకుంటే నిశ్చింతగా ఉండవచ్చు. హోరు తగ్గించే డాల్బీ మీట ఆఫ్‌లో ఉండాలి, ఎందుకంటే మా రికార్డింగు డాల్బీ లేకుండా చేసింది. ఆన్‌లో ఉంటే తాళాల మెరుపంతా పోతుంది. ఒక వైపుకు దాదాపు 780 మెగాబైట్ల వేవ్ ఫైలు వచ్చింది. దాన్ని ముట్టుకోకుండా అలాగే ఉంచి, వేగం సరిచేసిన ప్రతి మరొకటి విడిగా చేసుకున్నాను. హోరు తగ్గించే ఫిల్టరు వేసి చూశాను గానీ, దానితో పాటు మిడిల్టన్ పియానో చివరి తరంగాలు కూడా కొట్టుకుపోతున్నాయి కాబట్టి తీసేశాను. ‘థెలోనియస్’లోని టక్కు ఉన్నచోటే ఉంది.

ఖర్చు చెప్పాలంటే, డెక్కు మరమ్మతుకు బెల్టులతో కలిపి రూ. 2,200, ఇంటర్‌ఫేస్‌కు రూ. 3,400, ఆల్కహాల్, గుడ్డలు, సిలికా జెల్, తీగలకు మరో రూ. 900 దాకా అయ్యాయి. ఖాళీ షెల్‌కూ, అతికించే టేపుకూ పెద్దాయన డబ్బు తీసుకోలేదు. ఒక్క క్యాసెట్ కోసం ఇంత అంటే ఎక్కువే. ట్రంకు పెట్టెలో మిగిలిన క్యాసెట్లకూ ఈ సరంజామా పనికొస్తుందని లెక్కవేసుకుంటే సబబుగానే ఉంది.

వేగం సరిచేసిన ఫైలు న్యూజెర్సీలో ఉన్న మా రూమ్మేట్‌కు పంపాను. వాడు రాత్రంతా విని, తెల్లవారుజామున ఫోను చేసి, “ఆ గీత మా అన్నయ్య పడేసింది కాదురా, నేనే సూది జార్చాను, నలభై ఏళ్లుగా వాడి మీద పెట్టాను” అన్నాడు. ఆ ఎల్పీ ఇప్పుడు వాడి దగ్గర కూడా లేదు, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయిందట. ఇప్పుడు రెండో వైపు వీణ కచేరీ మీద పని చేస్తున్నాను. ఆ వైపు చివరి పది నిమిషాల్లో ఎడమ చానల్ వచ్చిపోతోంది. మళ్లీ గుజరాతీ గల్లీకి వెళ్లి, పెద్దాయనకు వినిపించి, హెడ్ మళ్లీ సరిచేస్తే ఏమైనా దక్కుతుందేమో చూడాలి.